మ్యూజియం మాన్వికి వచ్చే దారి



మాన్వి నుంచి సింధనూరు మీదుగా లింగసుగూరు వెళ్ళే బస్సెక్కితే దారిలో మస్కి వస్తుంది. మనలో చాలామందికి ఆ ఊరు బస్సు ఆగే చోటుగానే తెలుసు. ఊరిని ఆనుకుని ఒక గుట్ట ఉంది, ఆ గుట్ట మీద ఒక బండ. 1915 జనవరిలో నిజాం రాజ్యంలో బంగారం కోసం వెతుకుతూ తిరుగుతున్న బీడన్ అనే గనుల ఇంజనీరు ఆ బండ మీది బ్రాహ్మీ అక్షరాలను గుర్తించాడు. బంగారం సంగతి అలా ఉంచండి. అంతవరకు తెలిసిన శాసనాలన్నిటిలోనూ రాజు తనను ‘దేవానాంప్రియ’, ‘ప్రియదర్శి’ అని బిరుదులతోనే చెప్పుకున్నాడు. ఆ రాజు అశోకుడే అని పండితులు సింహళ గ్రంథాల సాయంతో నిర్ణయించారే తప్ప, రాతి మీద ఆ పేరు ఎవరూ చూడలేదు. మొట్టమొదట చూసింది మస్కిలో. తరువాత మరికొన్ని చోట్ల ఆ పేరు దొరికింది గాని, మొదటి సాక్ష్యం మన జిల్లాదే.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. మస్కి గురించి తెలుసుకోవాలంటే మాన్వి మనిషి ఎక్కడికి వెళ్ళాలి? బండ మస్కిలోనే ఉంది, నిజమే. దాని మీద హెచ్. కృష్ణశాస్త్రిగారు రాసిన నివేదిక 1915లోనే హైదరాబాదులో అచ్చయింది. హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో అదే మొదటి సంఖ్య. 1954లో బి. కె. థాపర్ మస్కిలో తవ్వకాలు జరిపితే, ఆ వివరాలు 1957లో కేంద్ర పురావస్తు శాఖ పత్రికలో వచ్చాయి. ముదగల్లు దగ్గర పిక్లిహాళ్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడ 1952లో ఆల్చిన్ దొరగారు తవ్వకాలు జరిపినప్పుడు రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. ఆయన పుస్తకం అచ్చయింది 1960లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పురావస్తు గ్రంథమాలలో మొదటి సంఖ్యగా. అప్పటికి మనం మైసూరు రాష్ట్రంలో చేరి నాలుగేళ్ళయింది. అంటే ఆ రెండు గ్రంథమాలలూ మన జిల్లాతోనే మొదలయ్యాయి, మొదలైన చోటు మాత్రం మన జిల్లా కాదు. 1956 నవంబరు 1న రాళ్ళు కదలలేదు, సరిహద్దు కదిలింది. కాగితాలూ పుస్తకాలూ వాటి దారిన అవి ఉండిపోయాయి.

ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నానంటే, ఈనాటి మ్యూజియాలు కంప్యూటరు ద్వారా, ఫోను ద్వారా జనం దగ్గరికి రావడానికి ప్రయత్నిస్తున్నాయి. ఢిల్లీలో ఉన్నవాడికి అది ఒక సరదా. సరిహద్దు జిల్లాలో ఉన్న మనకు మాత్రం, చెల్లాచెదురైపోయిన మన సొత్తును ఒక్కచోట చూసుకునే మార్గం దాదాపు అదొక్కటే. ఆ మార్గం ఎలా పనిచేస్తుందో, మనదాకా వచ్చేసరికి ఎక్కడ తెగిపోతోందో ఇవాళ చెప్పుకుందాం.

మ్యూజియం అనగానే మన పెద్దవాళ్ళకు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం గుర్తొస్తుంది. ‘అజాయబ్‌ఖానా’ అనేవారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూగారు దాన్ని ప్రారంభించారు. అప్పట్లో హైదరాబాదే మన రాజధాని గనుక, కచేరీ పని మీద వెళ్ళిన ప్రతివాడూ గంటకొకసారి బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారం చూసి, ఊళ్ళో వారం రోజులు చెప్పుకునేవాడు. 1968లో ఆ మ్యూజియం మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. ఆనాడు మ్యూజియం జనాన్ని చేరడమంటే, జనం మ్యూజియానికి వెళ్ళడమే. రైలు టికెట్టు, బస, తోడు, ఇవన్నీ ఉన్నవాడిదే మ్యూజియం.

ఇప్పటి సంగతికి వద్దాం. మ్యూజియం డిజిటల్ అయిందంటే చాలామంది ఫోటోలు తీసి పెట్టడమే అనుకుంటారు. అసలు పని ఫోటో కాదు, చిట్టా. ప్రతి మ్యూజియంలోనూ ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది. ఒక వస్తువు లోపలికి రాగానే దానికొక నంబరు వేస్తారు. అది ఏమిటి, దేనితో చేశారు, పొడవు వెడల్పులెంత, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఏ ఏడు వచ్చింది, అని అందులో రాస్తారు. మన గ్రామ లెక్కల్లో పహణీ ఎలాంటిదో మ్యూజియానికి ఈ రిజిస్టరు అలాంటిది. పహణీలో సర్వే నంబరు తప్పుపడితే పొలం ఎక్కడికి పోతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మ్యూజియం వస్తువు కూడా అంతే. బీరువాలో భద్రంగా ఉన్నా, చిట్టాలో ఊరి పేరు తప్పయితే అది లేనట్టే లెక్క.

ఈ చిట్టాలను కంప్యూటరుకు ఎక్కించడానికి పుణేలోని సీడాక్ సంస్థ ‘జతన్’ అనే సాఫ్ట్‌వేరు తయారుచేసింది. పేరు నాకు నచ్చింది. మన ఇళ్ళల్లో ‘జతనంగా దాచుకో’ అంటామే, ఆ మాటే. కేంద్ర ప్రభుత్వపు మ్యూజియాలలో పదింటిని ఈ జతన్ సాయంతో ఒకే జాతీయ పోర్టల్‌లోకి తెచ్చారు. అందులో ఢిల్లీ జాతీయ మ్యూజియం, కలకత్తా ఇండియన్ మ్యూజియం, అలహాబాదు మ్యూజియం వంటి పెద్దవాటితో పాటు మన తెలుగునాటివి రెండున్నాయి. ఒకటి సాలార్‌జంగ్, రెండోది నాగార్జునకొండ. ఈ రెండోదాన్ని గురించి ఒక మాట చెప్పాలి. నాగార్జునసాగర్ ఆనకట్ట నీళ్ళలో లోయంతా మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. చుట్టూ నీళ్ళొచ్చి ఆ కొండ ద్వీపమయింది. ఆ మ్యూజియం చూడాలంటే లాంచీ ఎక్కాలి. ముసలివాళ్ళు, కాలు సరిగా లేనివాళ్ళు, బడిపిల్లలను ముప్పయిమందిని వెంటేసుకుని పోలేని మాస్టర్లు, వీళ్ళందరికీ ఆ పోర్టల్ లాంచీ లాంటిదే.

ఇంకా దూరపు సంగతి ఒకటి. తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్ళొచ్చాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి మాన్వి, సింధనూరు తాలూకాలలో క్యాంపులు కట్టుకున్నారు. ఈ ప్రసంగం వింటున్నవారిలో వాళ్ళ మనుమలు, మునిమనుమలు చాలామంది ఉంటారు. అలాంటి ఒక క్యాంపులో నాకు తెలిసిన కుటుంబం ఉంది. పెద్దావిడ కృష్ణ ఒడ్డున అమరావతి దగ్గరి పల్లెలో పుట్టి, పెళ్ళయి ఇక్కడికి వచ్చింది. మనుమరాలు కన్నడ మాధ్యమంలో చదువుతోంది. ఒక ఆదివారం ఆ పిల్ల ఫోనులో బ్రిటిష్ మ్యూజియం వారి చిట్టా తీసి అమరావతి శిల్పాలు చూపించాం.

అవి లండను ఎలా చేరాయో క్లుప్తంగా చెబుతాను. 18వ శతాబ్దం చివరలో కర్నల్ మెకంజీ అమరావతి దిబ్బను చూశాడు, తరువాత మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి కొన్ని పలకలను మద్రాసు పంపాడు. అవి 1859లో ఓడెక్కి లండను వెళ్ళాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు 120 దాకా ఉన్నాయి. వాటికంటే ఎక్కువ మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి, మిగిలినవి అమరావతిలోనూ మరికొన్ని చోట్లా. ఒక్క స్తూపం ఇన్ని ముక్కలై ఇన్ని ఊళ్ళలో కాపురముంటోంది. బ్రిటిష్ మ్యూజియం 2020లో తన చిట్టాను కొత్తగా తీర్చి, దాదాపు 19 లక్షల బొమ్మలను అందులో పెట్టింది. వ్యాపారానికి కాకపోతే, ఎక్కడిదో చెప్పి ఎవరైనా వాడుకోవచ్చునని అనుమతి కూడా ఇచ్చింది. ఆ శిల్పాలను తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది వేరే వ్యాజ్యం, ఈ పదిహేను నిమిషాలలో తేలేది కాదు. చూడటానికి మాత్రం ఇప్పుడు వీసా అక్కర్లేదు.

ఫోనులో ఒక పలక వచ్చింది. తెల్లని సున్నపురాయి మీద నిండుకుండ, కుండలోంచి తామరలు. దాని కింద ఇంగ్లీషులో నాలుగైదు వరుసలు. పిల్లకు ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం వచ్చు, అర్థం సగం. మాన్వి బడిలో కన్నడ నేర్చింది గనుక తెలుగు లిపి చదవలేదు. నాయనమ్మకు ఇంగ్లీషు రాదు, కన్నడ రాదు, తెలుగు మాత్రం చదవగలదు, అదీ పెద్ద అక్షరాలైతేనే. ఆవిడ అద్దాలు సవరించుకుని చూసి, “ఇది పూర్ణకుంభం కదుటే, గృహప్రవేశానికి పెడతాం చూడు” అంది. “ఇంత పాతదా నాయనమ్మా?” అంది పిల్ల. “పాతదేమిటే, మొన్న మీ అత్త ఇంట్లో పెట్టలేదూ?” అంది ఆవిడ.

ఆ మాట వినేసరికి నాకు ఒక సంగతి స్పష్టమయింది. లండను మ్యూజియం తలుపు తీసింది, తెరలో బొమ్మ వచ్చింది, అంతవరకు ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఆ బొమ్మకూ ఈ ఇంటికీ మధ్య మిగిలిన రెండడుగుల దూరం మాత్రం యంత్రం దాటించలేదు, నాయనమ్మ దాటించింది. ఆవిడ దాటించింది రాతతో కాదు, నోటిమాటతో. మన సరిహద్దు జిల్లాలలో తెలుగు ఎక్కువగా ఉన్నది చెవిలో, కంటిలో కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో ఉర్దూ కలిసిన మాట, పరీక్షలో ఇంగ్లీషు. ఇలాంటి పిల్లలకు తెలుగులో అచ్చువేసిన వివరం కూడా సగం పరాయిదే. అదే వివరం తెలుగులో ఒక గొంతు చదివి వినిపిస్తే పూర్తిగా సొంతమవుతుంది. రేడియోలో కూర్చుని ఈ మాట చెబుతున్నాను గనుక స్వోత్కర్షగా తోచవచ్చు, అయినా నిజం నిజమే.

మ్యూజియాలకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. వస్తువు ముందు నిలబడి చెవికి ఒక చిన్న పరికరం పెట్టుకుంటే వివరం వినిపించే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. ఇప్పుడు దానికి పరికరం కూడా అక్కర్లేదు. వస్తువు పక్కన నలుపుతెలుపు గళ్ళతో ఒక చతురస్రం అంటిస్తారు. టీకొట్టులో డబ్బులు కట్టడానికి ఫోను చూపిస్తామే, అదే క్యూఆర్ గుర్తు. దానికి ఫోను చూపిస్తే ఆ వస్తువు పుట తెరుచుకుంటుంది, కావలసిన భాషలో గొంతు వినిపిస్తుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు. కావలసిందల్లా ఆ భాషలో చక్కగా చెప్పగల మనిషి, చెప్పినదాన్ని సరిచూసే పండితుడు. ఆ ఇద్దరినీ పక్కన పెట్టి యంత్రానువాదంతో సరిపెడదామనుకుంటే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. స్తూపంలో గోపురంలా ఉండే భాగాన్ని అండం అంటారు, దాని కింద గుండ్రని దిమ్మె ఉంటుంది. ఆ దిమ్మెను ఇంగ్లీషులో ‘డ్రమ్’ అంటారు. దాని మీద అమర్చిన పలక ‘డ్రమ్ శ్లాబ్’. ఆలోచించని యంత్రం దాన్ని ‘డోలు పలక’ చేసిందనుకోండి, వినేవాడు బౌద్ధ భిక్షువులు డోలు వాయించేవారనుకుంటాడు. యంత్రాలు రానురాను మెరుగవుతున్నాయి, కాదనను. చిత్తుప్రతికి వాడుకోవచ్చు. కాని ఆ ప్రతి మీద ఒక తెలుగు మనిషి కన్ను పడాలి.

ఇక పేర్ల తగాదా. కంప్యూటరులో వెతకడమంటే అక్షరాలు సరిపోల్చడమే, దానికి బుద్ధి తక్కువ. మాన్విని ఇంగ్లీషులో ఒకరు ‘మాన్వి’ అని, ఒకరు ‘మానవి’ అని రాస్తారు. ఒకటి కొడితే రెండోది రాకపోవచ్చు. అదీగాక పాత చిట్టాలలో మన ఊళ్ళ చిరునామా ‘లింగసుగూరు, నిజాం రాజ్యం’ అని ఉంటుంది. కర్ణాటక అని వెతికేవాడికి అది దొరకదు. నా అనుభవమే ఒకటుంది. చాలా ఏళ్ళ కిందట ఒక మ్యూజియానికి వెళ్ళి, రాయచూరు ప్రాంతపు వస్తువులేమైనా ఉన్నాయా అని అడిగాను. లేవన్నారు. సాయంత్రందాకా వరండాలో తిరిగి, తిరుగుబస్సుకు వేళవుతుండగా, గోడవార అద్దాల పెట్టెలో ఒక రాతి గొడ్డలి కింద మన పక్క తాలూకా పేరు చూశాను. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ చిట్టాలో రాయచూరు అనే మాట లేదు, అంతే.

పేరు ఒక అక్షరం మారితే ఎంత తేడా వస్తుందో రాయచూరు కోటలోనే చూడవచ్చు. కోటగోడలో 41 అడుగులకు పైగా పొడవున్న ఒకే బండ మీద 1294 నాటి శాసనం ఉంది. పాత ఇంగ్లీషు పుస్తకాలలో ఆ కోట కట్టించినవాడి పేరు ‘గోరె గన్నయ’ అని కనిపిస్తుంది. తెలుగువాళ్ళకు ఆయన గోన గన్నారెడ్డి. అడవి బాపిరాజుగారు ఆయన పేరుతో నవల రాశారు. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమాలో అల్లు అర్జున్ ఆ వేషం వేశాక పిల్లలందరికీ ఆ పేరు నోటికొచ్చింది. ఆ పిల్లవాడు ఫోనులో ‘గోన గన్నారెడ్డి’ అని తెలుగులో కొడితే సినిమా పాటలు వస్తాయి గాని, తన జిల్లా కేంద్రంలోనే ఉన్న ఆయన శాసనం రావడం కష్టం. చిట్టా రాసేవాడు వస్తువుకు ఒక్క పేరే రాయనక్కర్లేదు. గోరె, గోన, గన్నయ, గన్నారెడ్డి, అన్నీ చేర్చవచ్చు. కన్నడంలో, తెలుగులో, ఉర్దూలో కూడా చేర్చవచ్చు. కాగితం రిజిస్టరులో చోటు చాలదని సాకు చెప్పవచ్చు, కంప్యూటరులో ఆ సాకు లేదు.

తెలుగులో వెతకగలగడం కూడా ఊరికే రాలేదు. ఒకప్పుడు ఒక్కో కంపెనీ తెలుగు అక్షరాలకు తనకు తోచిన సంకేతాలు పెట్టుకునేది. ఒక కంప్యూటరులో ‘క’గా ఉన్నది ఇంకోదాంట్లో ఏదో పిచ్చిగీతగా కనిపించేది. యూనికోడ్ అనే ఉమ్మడి పద్ధతి వచ్చి ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒక్కో అక్షరానికి ఒక్కో స్థిరమైన సంఖ్య కేటాయించాక ఆ బాధ తీరింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుకావడానికి ఆధారం అదే. అయితే ఈనాటికీ కొందరు తెలుగు వివరాన్ని అక్షరాలుగా కాక బొమ్మగా పెడుతున్నారు. కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం అది గోడమీది సున్నం. వెతికితే దొరకదు, చదివి వినిపించమంటే వినిపించదు.

శాసనాల విషయంలో జరుగుతున్న పని మాత్రం నిజంగా సంతోషపెట్టేది. ఇదివరకు శాసనానికి నకలు తీయాలంటే రాయిని శుభ్రంగా కడిగి, తడికాగితం పరిచి, కుచ్చుతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దింపి, ఆరుతుండగా పైన సిరా అద్దేవారు. అక్షరం తెల్లగా, మిగతాదంతా నల్లగా తేలేది. ఎంతో నేర్పున్న పని అది. ఇప్పుడు దానికి తోడుగా కొత్త పద్ధతులు వచ్చాయి. ఒక పద్ధతిలో రాయి చుట్టూ తిరుగుతూ వందలకొద్దీ ఫోటోలు తీస్తారు, ప్రతి ఫోటోలో పక్క ఫోటోలోని భాగం కొంత కలిసేట్టు. ఒకే చుక్కను అనేక ఫోటోలలో గుర్తుపట్టి, అది ఎంత లోతులో ఉందో కంప్యూటరు లెక్కగడుతుంది. మన రెండు కళ్ళూ కలిసి దూరం అంచనా వేయడం లాంటిదే ఇది. ఇంకో పద్ధతిలో స్కానరు రాయి మీద వెలుగు చారలు వేసి, అవి ఎక్కడ వంగాయో చూసి గుంటలు కొలుస్తుంది. చివరికి తెర మీద ఆ రాయి నిలబడుతుంది. మనం దాన్ని తిప్పవచ్చు, వెలుగును ఏ పక్క నుంచైనా వేయవచ్చు. సాయంత్రం ఏటవాలు ఎండలో శాసనం బాగా చదవవస్తుందని మన పల్లెల్లో పెద్దలకు తెలుసు. ఆ సాయంత్రపు ఎండను ఎప్పుడు కావాలంటే అప్పుడు తెచ్చుకోవడమే ఈ విద్య.

బెంగుళూరులో 1909 నుంచి ఉన్న మిథిక్ సొసైటీ 2021లో ఆ నగరం చుట్టుపక్కల శాసనాలను ఇలా స్కాన్ చేయడం మొదలుపెట్టి, ఫలితాలను అందరికీ ఉచితంగా పెట్టింది. రోడ్లు, ఇళ్ళు కట్టుకుంటూపోతుంటే రాళ్ళు మాయమవుతున్నాయి గనుక, ఉండగానే కొలిచిపెట్టుకోవడం వాళ్ళ ఉద్దేశం. తెలుగునాటి అతిప్రాచీన శాసనాలకు, అంటే శాతవాహనులు, ఇక్ష్వాకుల నాటివాటికి, ఫ్రెంచి ప్రాచ్యవిద్యా సంస్థ పండితులు ఒక సంకలనం తయారుచేసి అంతర్జాలంలో పెట్టారు. పాఠం, బొమ్మ, అనువాదం అన్నీ ఒకేచోట దొరుకుతాయి. అమరావతి, నాగార్జునకొండ శాసనాలు అందులో చూడవచ్చు. దాని వివరణ ఇంగ్లీషులో ఉంది, అదొక్కటే మన కొరత. 2019లో కేంద్ర సాంస్కృతిక శాఖ ప్రారంభించిన ‘ఇండియన్ కల్చర్’ పోర్టల్‌లో పాత పుస్తకాలు, రాతప్రతులు చాలా ఉన్నాయి. ఆసక్తి ఉన్న విద్యార్థి పాత పురావస్తు నివేదికల కోసం అక్కడ వెతికిచూడవచ్చు.

తెరను మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. ఇందాక చెప్పిన 41 అడుగుల బండ ఫోనులో జానెడు గీతలా కనిపిస్తుంది. దాని పక్కనే, అంత బండను చక్రాల బండి మీద దున్నపోతులను కట్టి ఎలా లాగి తెచ్చారో గీతల బొమ్మగా చెక్కి ఉంచారు. ఆ బరువు తెలియాలంటే కోటలో దాని పక్కన నిలబడవలసిందే. అమరావతి పలక అరచేతిలో పట్టేంత కనిపిస్తే అది మనిషెత్తు ఉంటుందని పిల్లకు తెలియదు. అందుకే మంచి మ్యూజియం బొమ్మ కింద కొలత రాస్తుంది. ఇంకొక సంగతి, మన ఊళ్ళలో కరెంటు, సిగ్నలు రెండూ ఒకేసారి ఉండాలంటే ముహూర్తం చూసుకోవాలి. 2020 మార్చిలో కరోనా వల్ల మ్యూజియాలన్నీ మూతపడినప్పుడు ఎన్నో మ్యూజియాలు తెరమీదికొచ్చాయి. ఇంట్లో రెండు ఫోనులున్నవాళ్ళు చూశారు, ఒక్క ఫోనును ముగ్గురు పిల్లలు బడిపాఠాలకు పంచుకున్న ఇంట్లో మ్యూజియం వంతు రాలేదు. కనుక దృశ్యమూ శబ్దమూ ఉన్న ఫైళ్ళను ఒకసారి దింపుకుని, సిగ్నలు లేకపోయినా బడిలో చూపించుకునేలా మ్యూజియాలు ఇవ్వడం మనకు ఎక్కువ మేలు.

ఇప్పటిదాకా మ్యూజియాలు ఏం చేయాలో చెప్పాను. మన చేతిలో ఉన్నది కూడా కొంత ఉంది. మాన్వి అంటే దాససాహిత్యం. జగన్నాథదాసులవారు ఇక్కడే ఉన్నారు, విజయదాసులవారి చీకలపర్వి ఈ తాలూకాలోదే. ఆ విజయదాసులవారు చివరికాలం గడిపిన చిప్పగిరి ఆంధ్రలో ఉంది. దాసులవారికి సరిహద్దు తెలియదు, చిట్టాలకు తెలుసు. ఇక క్యాంపుల చరిత్ర ఏ చిట్టాలోనూ లేదు. గోదావరి నుంచి తెచ్చుకున్న విత్తనపు కుండ, మొదటి పంట అమ్మిన చీటీ, గుడిసె ముందు తీయించుకున్న ఫోటో, ఇవి ఇళ్ళల్లో అటకల మీద ఉన్నాయి. ఆ తరం వెళ్ళిపోతోంది. వాటిని మ్యూజియానికి ఇచ్చేయమనడం లేదు. ఉన్నచోటే ఉంచి, చిట్టా రాయండి అంటున్నాను.

బడిపిల్లలు, మాస్టర్లు ఈ పని చేయగలరు. పగలు నీడలో, మెరుపుదీపం వేయకుండా ఫోటో తీయండి. వస్తువు పక్కన కొలబద్ద పెట్టండి. చెరువుగట్టు మీది వీరగల్లు అయితే దాని మీద సున్నం, రంగు, పిండి ఏదీ పూయవద్దు, అక్షరం బాగా కనిపిస్తుందని పూసిన రంగే అక్షరాన్ని తినేస్తుంది. నోటుపుస్తకంలో ఊరి పేరు తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో రాయండి, పాత పేరుంటే అదీ రాయండి. ఆ వస్తువును ఇంట్లో ఏమని పిలుస్తారో ఆ మాట తప్పనిసరిగా రాయండి, నిఘంటువులోని మాట కాదు. తరువాత ఫోనులో రికార్డు మీట నొక్కి, ఆ వస్తువు సంగతి తెలిసిన పెద్దవాళ్ళ చేత రెండు నిమిషాలు చెప్పించండి. రాయి, శాసనం, గుడి వంటి అందరి సొత్తయితే ఆ ఫోటోను వికీమీడియా కామన్స్‌లో పెట్టవచ్చు. అక్కడ ఒకే బొమ్మకు తెలుగులోనూ కన్నడంలోనూ వివరం రాసుకోవచ్చు. ఇంటి వస్తువైతే ఇంటివారి అనుమతి తీసుకోండి. ఏ మ్యూజియం చిట్టాలోనైనా మన ఊరి పేరు తప్పుగా కనిపిస్తే, వస్తువు నంబరు వేసి, సరైన పేరు రాసి వాళ్ళకు ఒక ఉత్తరం పంపండి. నంబరు లేని ఉత్తరం ఏ బీరువాలోదో వాళ్ళకు తెలియదు.

ఇందాకటి క్యాంపులో ఆ పిల్ల మొదటి రికార్డింగు చేసింది. పూర్ణకుంభం గురించి నాయనమ్మ మాట. మధ్యలో కోడి కూసింది, ఎవరో వచ్చి మోటారు వేశారా అని అడిగారు. తీసేసి మళ్ళీ చేద్దామా మాస్టారూ అని ఆ పిల్ల అడిగితే వద్దన్నాను. పుస్తకంలో తేదీ వేసి, ఊరి పేరు మూడు లిపులలో రాయడం మొదలుపెట్టింది. తెలుగు అక్షరాలు నాయనమ్మ నేల మీద వేలితో గీసి చూపించింది.